కోడిగుడ్ల సర్వే

ఈస్టర్ సోమవారం మధ్యాహ్నానికల్లా నా నెత్తి సెంటు దుకాణం అయిపోతుంది. మా సార్‌కూట్‌లో ఆ రోజు మగవాళ్ళంతా నున్నగా గడ్డాలు గీసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. గుమ్మంలో నిలబడి ఓ పద్యం ఒప్పజెప్తారు, ఇంట్లో ఆడవాళ్ళ తలల మీద సెంటు చల్లుతారు, రంగు వేసిన కోడిగుడ్డు ఒకటి జేబులో వేసుకుని, పాలింకా అనే పళ్ళ సారా ఓ గుక్క గొంతులో పోసుకుని పక్కింటికి పోతారు. అలా చల్లించుకోని ఆడది ఏడాదంతా వాడిపోయి ఉంటుందని మావాళ్ళ నమ్మకం. మామూలు ఆడది వాడిపోతే వాడిపోయింది. మేయరు గారి పెళ్ళాం వాడిపోతే ఊరు చూస్తూ ఊరుకుంటుందా?

అందుకని నన్ను ఊరంతా కలిసి తడిపేది. మా ఆయన కెలెమెన్ ఎర్నో మేయరు కుర్చీ ఎక్కి పదహారేళ్ళు. బుడాపెస్ట్‌లో ఆయన పార్టీ ప్రభుత్వం కూడా అప్పుడే ఎక్కింది. ఇద్దరూ కవల పిల్లల్లా కలిసే పెరిగారు, కలిసే లావెక్కారు. ఏటా మా గేటు దగ్గర మొదలైన వరస బాలింట్ నడిపే సారా కొట్టు దాకా ఉండేది. నేను ముందుగదిలో కుర్చీ వేసుకుని కూచునేదాన్ని. వాళ్ళు వచ్చేవాళ్ళు, చల్లేవాళ్ళు, పోయేవాళ్ళు. ఒకడి సీసాది మల్లెపూల వాసన, ఇంకొకడి సీసాది బస్టాండులో దొడ్లు కడిగే మందు వాసన. గురువారం దాకా తలనొప్పి వదిలేది కాదు. పక్కలో పడుకున్న ఎర్నో మాత్రం ఆ కంపు గుండెల నిండా పీల్చి, "ఆహా, ప్రజాభిమానం!" అనేవాడు.

ఆ రోజు ఆయన నన్ను చూసేవాడు కాదు, నా పక్కన బల్ల మీదున్న గుడ్ల గిన్నెని చూసేవాడు. ఆయన రాజకీయ జ్ఞానమంతా ఆ గిన్నెలోనే ఉంది. సాయంత్రానికి గుడ్లు మిగిలితే జనానికి కోపం ఉన్నట్టు, గిన్నె ఖాళీ అయితే ప్రేమ ఉన్నట్టు.

"బుడాపెస్ట్ సర్వేలవాళ్ళు ఫోన్లో అడుగుతారు. ఫోన్లో ఎవడైనా ఏదైనా వాగుతాడు," అనేవాడు. "మన సర్వే అలాంటిది కాదే. సొంత డబ్బుతో సెంటు కొనుక్కుని, పొద్దున్నే లేచి, నా గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డవాడు అబద్ధం ఆడతాడా?"

ఈసారి పార్లమెంటు ఎన్నికలు ఈస్టర్ అయిన మరుసటి ఆదివారమే వచ్చాయి. సోమవారం నాటి వరస చూసి నాకే మతిపోయింది. పొలం గట్టు తగాదాలో ఎర్నో ముఖం చూడనని ఒట్టేసుకున్న తేనెటీగలు పెంచే ముసలాయన కూడా సీసా పట్టుకొచ్చాడు. సారా కొట్టు బాలింట్ సరేసరి. మా ఊరి అగ్నిమాపక దళానికి కూడా వాడే నాయకుడు కాబట్టి యూనిఫాం వేసుకుని మరీ వచ్చి, సొంత పైత్యం కలిపి చదివాడు:

"ఈ ఇంటి గులాబి ఎన్నడూ వాడరాదు,
మా మేయరు గారి కుర్చీ ఎప్పుడూ ఊడరాదు!"

ఎర్నోకి కళ్ళు చెమర్చాయి. నాకూ చెమర్చాయి, సెంటు కంట్లో పడింది.

పన్నెండు కాకుండానే గుడ్లు అయిపోయాయి. ఇంకో గంపెడు పొయ్యి మీద పడేశాను. రంగు వెయ్యడానికి తీరిక లేక తెల్లగుడ్లే చేతుల్లో పెట్టాను. ఒక్కడూ మూతి విరవలేదు. ఎర్నో ఆగలేక పార్టీ జిల్లా ఆఫీసుకి ఫోను చేశాడు.

"గుడ్లు అయిపోయాయండీ! మధ్యాహ్నం కూడా కాలేదు!"

అవతలివాళ్ళు ఏదో అన్నారు. ఎర్నో ముఖం చేటంత అయింది. ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు.

"చూశావా? అన్ని ఊళ్ళల్లోనూ ఇదే కబురట. మేయర్ల ఇళ్ళల్లో ఎక్కడా ఒక్క గుడ్డు మిగల్లేదట. ఇంత గాలి ఎప్పుడూ లేదంటున్నారు."

"భయపడి వచ్చారేమో ఎర్నో," అన్నాను తల తుడుచుకుంటూ.

"భయపడితే ఇంకా మంచిది కదే. భయపడ్డవాడు పొద్దున్నే వచ్చి వేస్తాడు."

"మరి ఆడవాళ్ళో? ఇవాళ ఊరు తిరిగింది మగాళ్ళు. మేం ఇంట్లో కూచుని తడుస్తున్నాం. మమ్మల్నెవరు లెక్కపెట్టారు?"

"ఆడాళ్ళు మొగుడు చెప్పినట్టే వేస్తారు," అని కొట్టిపారేసి, పంది తొడ మాంసం ఇంకో ముక్క కోసుకుని, గుర్రపు ముల్లంగి తురుము దట్టంగా పట్టించి నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఘాటుకి ఆయనకి నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఆదివారం పొద్దున్న ఓటు వెయ్యడానికి సాంస్కృతిక భవనానికి వెళ్ళాను. దానికి ఎదురుగానే డాక్టరు గారి ఆసుపత్రి. ఆసుపత్రి అంటే భవనం. అందులో డాక్టరు లేక ఏళ్ళు గడిచాయి. ఉన్న ముసలి డాక్టరు పోయాక ఇంకొకరు రాలేదు. ఈలోగా ఎర్నో దానికి కొత్త పైకప్పు వేయించి ఓసారి ప్రారంభోత్సవం చేయించాడు. కిటికీలు మార్పించి ఇంకోసారి. మెట్ల పక్కన వీల్‌చెయిర్ ఎక్కడానికి వాలుగట్టు పోయించి మూడోసారి. మూడుసార్లూ జిల్లా నుంచి పెద్దలొచ్చారు, మూడుసార్లూ నేనే ఎర్ర మఖమల్ దిండు మీద కత్తెర పెట్టుకుని బిగుతు జోళ్ళతో నిలబడ్డాను. మూడు రంగుల రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, తాళం వేసుకుని పోయారు.

ఓటర్ల వరసలో నా ముందు విల్మా ఉంది. విల్మా, నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. మొగుడు పోయాక మునిసిపాలిటీ వంటింట్లో వంటమనిషిగా చేరింది. స్కూలు పిల్లలకీ ముసలివాళ్ళకీ మధ్యాహ్నం భోజనం వండేది ఆవిడే. ఆ రోజు కుంటుతూ వచ్చింది. కాలు గుమ్మడికాయలా వాచిపోయింది.

"డాక్టరుకి చూపించావా?" అన్నాను.

"టౌనుకి పొద్దున బస్సెక్కి, అక్కడ కూచుని కూచుని, సాయంత్రం బస్సుకి వచ్చాను. వాపు అలాగే ఉంది గానీ ప్రయాణం బాగా జరిగింది," అంది. ఎదురుగా ఉన్న భవనం వైపు గడ్డం ఎత్తి చూపించింది. "రిబ్బను కత్తిరించినప్పుడల్లా ఓ గోళీ నా నోట్లో వేసుంటే ఈపాటికి నాట్యం చేసేదాన్నే ఇరేన్."

నాకు నవ్వాగలేదు. విల్మా మాత్రం గభాల్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఊరికే అన్నాలే. నేను మీ ఆయన పార్టీకే వేస్తాను తల్లీ. ఆ వంటిల్లు పోతే ఈ వయసులో ఈ కాలేసుకుని ఎక్కడికి పోను? మీ ఆయనకి చెప్పు, విల్మా వేసిందని చెప్పు."

తెర వెనక్కి వెళ్ళి కలం పట్టుకున్నాను. అప్పటికి ఎన్నో ఎన్నికలు చూశాను, ప్రతిసారీ ఆ రెండు గీతలూ గీసి బయటికొచ్చి కాఫీకి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి చెయ్యి ఆగింది. విల్మా కాలు గుర్తొచ్చింది, మఖమల్ దిండు గుర్తొచ్చింది, నా నెత్తిన పోసిన సెంటంతా గుర్తొచ్చింది. కోపం వచ్చింది. మార్పు కావాలన్న కొత్తవాళ్ళ పేరు ఎదురుగా రెండు గీతలు గట్టిగా గీశాను, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా. తర్వాత భయం వేసింది. ఎవరూ చూడలేదు కదా అని తెర పక్కకి తీసి చూశాను. బయటికి వస్తుంటే చెప్పలేనంత సంతోషం వేసింది. ఇంటికెళ్ళే దారంతా ఆ ముక్క నాకొక్కదానికే తెలుసు అనుకుంటూ నడిచాను.

ఆ సాయంత్రం సాంస్కృతిక భవనం పెరట్లో బాలింట్ పెద్ద కొప్పెరలో విజయం కూర వండాడు. గొడ్డు మాంసం, ఉల్లిపాయలు, మిరపపొడి, ఎర్రగా కుతకుతలాడుతోంది. అగ్నిమాపక దళం బాకాలు తుడుచుకుని సిద్ధంగా ఉంది. పోలింగు ముగిసి లెక్కింపు మొదలయ్యాక ఎర్నో గదంతా పచార్లు చేశాడు. కాసేపటికి లెక్కింపు కమిటీ పెద్దావిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఆవిడ ఎవరి ముఖమూ చూడకుండా అంకెలు చదివి, మళ్ళీ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఎర్నో పార్టీవాళ్ళు మా ఊళ్ళోనే ఓడిపోయారు. వీళ్ళకి ఒక ఓటు పడితే కొత్తవాళ్ళకి రెండు పైచిలుకు పడ్డాయి. టీవీలో దేశపటం మీద రంగు ఒక్కొక్క నియోజకవర్గమే మారిపోతోంది. "సౌండు పెంచండి, సౌండు పెంచండి," అన్నాడు ఎర్నో, సౌండు పెంచితే ఓట్లు పెరుగుతాయన్నట్టు.

ఓటమి ఖాయమయ్యాక కూడా ఎవరూ లేచిపోలేదు. కూర ఉడికింది మరి. అందరూ పళ్ళాలు నింపుకుని, రొట్టె ముంచుకు తింటూ, ఒకరి తర్వాత ఒకరు ఎర్నో దగ్గరికొచ్చి పరామర్శించారు.

"ఎంత ఘోరం జరిగిపోయింది మేయరు గారూ! ఇంకొంచెం ఉప్పు పడాలి గానీ, ఎంత ఘోరం!"

"ఎవరు చేసుంటారంటారు ఈ పని? మా ఇంట్లో అయితే అందరం మనకే వేశామండీ."

"మా ఇంట్లోనూ అంతే. మా అత్తని మంచంతో సహా మోసుకొచ్చి వేయించాం."

"పక్కూరివాళ్ళు వచ్చి దొంగ ఓట్లు వేసుంటారు," అన్నాడు బాలింట్ గరిటె తిప్పుతూ.

"పక్కూళ్ళోనూ ఓడిపోయాం కదరా," అన్నాడు ఎర్నో నీరసంగా.

"అక్కడ మనూరివాళ్ళు వెళ్ళి వేసుంటారు!"

నేనూ "అయ్యో అయ్యో" అంటూ రొట్టె వడ్డించాను. అందరితోపాటు నేనూ చక్కగా నటించాను. కొప్పెర అడుగు కనబడేదాకా తిని, ఎర్నో భుజం తట్టి, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. ఎర్నో ఒక్కడే తినలేదు. నిజం చెప్పొద్దూ, అప్పుడు కాస్త జాలేసింది.

ఆ జాలి సోమవారం పొద్దున కాఫీ దాకా కూడా నిలవలేదు. ఎర్నో ఎర్రబడ్డ కళ్ళతో వంటింటి బల్ల దగ్గర కూచుని నేరపరిశోధన మొదలుపెట్టాడు.

"మగాళ్ళంతా వచ్చారు. గుడ్లే సాక్ష్యం. కాబట్టి మగాళ్ళు కాదు," అన్నాడు. "ఆడాళ్ళు మొగుళ్ళు చెప్పినట్టు వేస్తారు. కాబట్టి మొగుళ్ళున్న ఆడాళ్ళు కాదు. ఇక మిగిలిందెవరు? మొగుడు లేని కొంపలు! సెంటు సీసా పట్టుకుని ఏ కొంప నించి మనిషి రాలేదో ఆ కొంపే!"

"ఊళ్ళో అలాంటివాళ్ళు నలుగురైదుగురే కదా. అందులో ఇద్దరు మంచం మీదున్నారు."

"మంచం మీద లేనిది ఒక్కతే. విల్మా."

"ఒక్క విల్మా ఓటుతో ఊరంతా ఓడిపోయావా ఎర్నో?"

"దాని ఓటు కాదే, దాని గరిటె! రోజూ అన్ని ఇళ్ళకీ భోజనం క్యారియర్లు పంపేదెవరు? పప్పులో ఉప్పుతోపాటు విషం కూడా వేసి పంపింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం!" కోటు తొడుక్కున్నాడు. "ప్రభుత్వం పోతే పోయింది. ఊరి ఎన్నికలకి ఇంకా చాలా టైముంది, ఈ ఊరికి మేయర్ని నేనే. ఇవాళే పీకేస్తాను."

ఆయన వెనకాలే నేనూ ఆఫీసుకి పోయాను. విల్మాని పిలిపించాడు. పిండి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ కుంటుకుంటూ వచ్చింది. ఎర్నో కూచోమనలేదు.

"రేపట్నించి వంటింటికి రానక్కర్లేదు."

"అదేంటి మేయరు గారూ? నేనేం చేశాను?"

"నువ్వేం చేశావో నీకు తెలుసు, నాకు తెలుసు, ఓట్ల పెట్టెకి తెలుసు."

విల్మా ముఖం పాలిపోయింది. "మా ఆయన సమాధి మీద ఒట్టు, నేను మీకే వేశాను! ఇరేన్‌ని అడగండి! చెప్పవే ఇరేన్, వరసలోనే చెప్పాను కదే నీకు!" అంటూ నా చెయ్యి పట్టుకుంది. దాని కూతురు ఫ్యాక్టరీలో పని పోయి పిల్లలతో పుట్టింటికొచ్చేసింది, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఒక్క ఉద్యోగంతోనే.

"దొంగలంతా అలాగే ఒట్లు వేస్తారు," అన్నాడు ఎర్నో.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఊరంతా కలిసి ముంచేసి, కూర తిని, మూతి తుడుచుకుపోతే, నిజంగా ఓటేసిన పిచ్చిదాన్ని పట్టుకుని వీధిలోకి తోస్తున్నాడు. చెప్తే నా కాపురం ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే విల్మా ఏమవుతుందో బాగా తెలుసు.

"ఆ ఓటు నాది," అన్నాను.

"ఏ ఓటు?"

"నీకు వ్యతిరేకంగా పడ్డ ఓటు. నేను కొత్తవాళ్ళకి వేశాను. విల్మా నీకే వేసింది. ఈ ఊళ్ళో నీకు పడ్డ కాసిని ఓట్లలో ఒకటి దానిదే, దాన్నే పట్టుకుని పీకేస్తున్నావు."

విల్మా నా చెయ్యి ఠక్కున వదిలేసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "నువ్వా? మేయరు పెళ్ళానివై ఉండి? నీకేం పొయ్యేకాలమే!"

దాని ఉద్యోగం కోసం నా కొంపకి నేను నిప్పు పెట్టుకుంటే, అది నన్ను తిట్టింది.

ఎర్నో ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. బల్ల మీద గుద్దుతాడనుకున్నాను. గుద్దలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు బయటికి చూశాడు. ఆయన మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆ కళ్ళల్లో ఒక మెరుపు కనబడింది. ఆ మెరుపు నాకు తెలుసు. యూరప్ నిధులు వస్తున్నాయని తెలిసినప్పుడల్లా ఆయన కళ్ళు అలాగే మెరిసేవి.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు మెల్లగా.

"లేదు. ఎవరికీ చెప్పను కూడా."

"చెప్పు!"

"ఏంటీ?"

"అందరికీ చెప్పవే పిచ్చిదానా!" దగ్గరికొచ్చి, పెళ్ళిచూపులనాటి మర్యాదతో నా చెయ్యెత్తి ముద్దు పెట్టుకున్నాడు. "మా ఇంట్లో మార్పు వచ్చేసింది! నా సొంత పెళ్ళాం మార్పుకి ఓటేసింది! ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఏమ్మా విల్మా, ఇంకా ఇక్కడే ఉన్నావేం? పిల్లల సూపు మాడిపోతోంది, పో!"

విల్మా ఉద్యోగం అలా నిలబడింది. నా ఓటు మాత్రం ఆ క్షణంలోనే నా చేతుల్లోంచి పోయింది.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ముందు ఎర్నో వెళ్ళి బాలింట్ కొట్టులో చెప్పాడు, తర్వాత పోస్టాఫీసులో, తర్వాత చర్చి మెట్ల మీద. మొదటిసారి చెప్పినప్పుడు నేను నా అంతట నేనే వేశాను. రెండోసారి చెప్పేటప్పటికి ఆయన నాకు సూచనగా చెప్పాడు. మూడోసారికి ఇద్దరం ఏడాదిగా చర్చించుకుని నిర్ణయించుకున్నాం. వారం తిరిగేసరికి ఆ ఓటు ఆయనే వేశాడు, నేను తెర బయట ఆయన కోటు పట్టుకుని నిలబడ్డాను.

ఊరు మాత్రం తక్కువ తిన్నదా? మేయరే ప్లేటు ఫిరాయించాక ఇంక సిగ్గెందుకు? మంచంతో సహా మోసుకొచ్చిన అత్తగారు కూడా మొదటినుంచీ మార్పు కోసమే పరితపించిందని తేలింది. బాలింట్ తన కొప్పెర మార్పు కొప్పెర అన్నాడు. ఆ సాయంత్రం వండింది కూడా కొత్తవాళ్ళ విజయానికేనట, ఎర్నో నొచ్చుకుంటాడని చెప్పలేదట. స్తంభాల మీద పోస్టర్లు చించేశారు. గోడ మీద పిల్లులన్నీ ఒకేసారి ఒకేవైపు దూకాయి. ఓడిపోయిన ప్రభుత్వానికి మా ఊళ్ళో పడ్డ ఓట్లు ఎవరు వేశారో ఇక దేవుడికే తెలియాలి. విల్మా కూడా ఇల్లు దాటాక పాతవాళ్ళకి వేశానని ఒప్పుకోవడం మానేసింది.

"బాధపడకే ఇరేన్," అంది ఒకరోజు వంటింటి వెనక ఉల్లిపాయలు కోస్తూ. "ఈ ఊళ్ళో ఏదైనా చివరికి మేయరాఫీసు ఆస్తే. నీ ఓటు కూడా జమ చేసుకున్నారు, అంతే."

అది నవ్వులాటకే అంది గానీ నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలని చెప్పి సరిపెట్టుకున్నాను. నా పుట్టింటి పొలం ఆయన పేర పెట్టినప్పుడు నాకంత బాధ లేదు. నా ఇల్లు పార్టీ ఆఫీసు అయినప్పుడు లేదు. ఆ రెండు గీతలే నేను నాకోసం గీసుకున్నాను, అది కూడా ఆయన జేబులో వేసుకుని ఊరేగుతున్నాడు.

మే నెలలో కొత్త పార్లమెంటు సభ్యురాలు ఊళ్ళు తిరుగుతూ మా ఊరికి వస్తోందని కబురొచ్చింది. పేరు హల్మోష్ రేకా, టౌన్లో పిల్లల డాక్టరు. ఎర్నో రెండు రోజులు నిద్రపోలేదు. విల్మా చేత గంపల కొద్దీ ఉప్పు బిళ్ళలు, అదే ఉప్పేసిన చిన్న రొట్టెలు, కాల్పించాడు, అగ్నిమాపక దళానికి కొత్త పాట నేర్పించాడు. రాత్రి భోజనాల దగ్గర నాకూ పాఠం చెప్పాడు.

"నిన్ను ముందుకి తెస్తాను. నువ్వు ఒక్క ముక్క చెప్తే చాలు. 'అమ్మా, ఈ ఊళ్ళో మీకు మొదటి ఓటు మా ఇంటిదే' అను. మిగతాది నేను చూసుకుంటాను. పక్కనున్న మేయర్లకంటే ముందు మనం ఆవిడ దృష్టిలో పడాలి. తర్వాతి ఊరి ఎన్నికల్లో వాళ్ళ గుర్తు మీద నిలబడతాను. ఇంకో పదేళ్ళు మనకి తిరుగుండదు."

"ఇంకో పదేళ్ళా?" అన్నాను.

"దేవుడి దయవల్ల," అన్నాడు.

ఆవిడ పాత కారులో, డ్రైవరు కూడా లేకుండా, తానే నడుపుకుంటూ ఊరి చౌరస్తాకి వచ్చింది. నిద్ర చాలని ముఖం. బాకాలు మోగాయి. ఎర్నో మాట్లాడాడు, చాలాసేపు మాట్లాడాడు. ఇంతకుముందు వేరేవాళ్ళకి చెప్పిన మాటలే, పేర్లు మార్చాడంతే. ఆవిడ ఓపికగా విని, ఉప్పు బిళ్ళ ఒకటి కొరికింది. అప్పుడు ఎర్నో నా భుజం మీద చెయ్యేసి ముందుకి తోశాడు.

"ఇదిగో డాక్టరు గారూ, మా ఆవిడ ఇరేన్! చెప్పు ఇరేన్, చెప్పు. ఎవరికి వేశావో అందరి ముందూ చెప్పు!"

చౌరస్తా అంతా నన్నే చూస్తోంది. బాలింట్ టోపీ సర్దుకున్నాడు. గంప పట్టుకున్న విల్మా కళ్ళతోనే ఏదో అడుగుతోంది. నిజం చెప్తే అది ఎర్నోకి లాభం. నా నోట్లోంచి వచ్చిన నిజం ఆయన పదేళ్ళ కుర్చీకి కోడు అవుతుంది. ఆయన కళ్ళల్లోకి సూటిగా చూశాను.

"నేను పాత ప్రభుత్వానికే వేశాను డాక్టరమ్మా," అన్నాను. "మా ఆయన చెప్పినట్టే వేశాను. ఎప్పుడూ అలాగే వేస్తాను."

బాకా ఊదేవాడెవడో దగ్గాడు. ఎర్నో ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎండ... ఎండ దెబ్బ కొట్టినట్టుందండీ..." అని నసిగాడు. పైన మబ్బు పట్టి ఉంది.

రేకా డాక్టరు మాత్రం ఉప్పు బిళ్ళ పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది. ముఖంలో అలసటంతా పోయింది.

"ఎక్కడెక్కడ వెతికానండీ మీకోసం!" అంది. "ఎన్నికైన దగ్గర్నించి ఊళ్ళు తిరుగుతున్నాను. పాతవాళ్ళకి ఓటేసిన మనిషి ఒక్కరు కూడా దొరకలేదు. అంతా నాకే వేశారట! మరి వాళ్ళకి పడ్డ అన్నేసి ఓట్లు ఎక్కణ్ణించి వచ్చాయో అర్థంకాక చస్తున్నాను. నిజం చెప్పిన మొదటి మనిషి మీరే."

జనం చూపులు దించుకున్నారు. నేనూ దించుకున్నాను, అబద్ధం చెప్పి మెప్పు పొందడం నాకు కొత్త.

"మీకేం కావాలో చెప్పండి ఇరేన్ గారూ. నాకు ఓటెయ్యని వాళ్ళ మాట ముందు వినాలని అనుకుంటున్నాను," అందావిడ.

"డాక్టరు కావాలి. ఈవిడ కాలు చూడండి," అని విల్మాని లాక్కొచ్చాను.

ఆవిడ అక్కడే, బెంచీ మీద విల్మాని కూచోబెట్టి, మోకాళ్ళ మీద వంగి కాలు చూసింది. ఏదో మందు రాసిచ్చింది. ఊరికి డాక్టర్ని ఎప్పుడు పంపుతారని అడిగితే, "తెలీదు. ఎవరూ రామంటున్నారు. ప్రయత్నిస్తాను గానీ మాట ఇవ్వలేను," అంది. ప్రభుత్వం తరఫు మనిషి తెలీదు అనడం మా ఊళ్ళో ఎవరూ వినలేదు. కొందరు నిరాశపడ్డారు. ఆవిడ కారెక్కి పోయాక బాలింట్ పెదవి విరిచాడు: "ఏంటో, ఒక్క హామీ అన్నా ఇవ్వలేదు. పాతవాళ్ళే నయం."

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఎర్నో నిప్పులు కక్కాడు. పరువు తీశానన్నాడు, కుర్చీకి ఎసరు పెట్టానన్నాడు, ఈ వయసులో నాకేం పుట్టిందన్నాడు. మా గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. కోపం ఉన్నట్టుండి దిగిపోయి, ముఖంలో ఏదో అనుమానం పాకింది.

"ఇరేన్," అన్నాడు, గొంతు తగ్గించి. "ఆ రోజు ఆఫీసులో అలా అన్నావు. ఇవాళ ఇలా అన్నావు. విల్మాని కాపాడ్డానికి అప్పుడు అబద్ధమాడావా? నా మీద కోపంతో ఇప్పుడు ఆడావా? నిజంగా ఎవరికి వేశావే?"

"ఓటు రహస్యం కదా ఎర్నో," అన్నాను.

"నేను నీ మొగుణ్ణి!"

"అందుకే."

లోపలికి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టాను. ఆయన కోటు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు. టీవీ పెట్టలేదు, ఫోను తియ్యలేదు. నా ముఖంలోకి చూస్తూ, నేనేమంటానో అని అలాగే నిలబడి ఉన్నాడు. నా మాట కోసం ఎర్నో ఎదురుచూడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నేను తొందరపడలేదు.